140 పాయింట్లు తక్కువయ్యాయి: కొనాలా, అద్దెకు తీసుకోవాలా?

క్లుప్తంగా: టైమ్‌షేర్ అంటే రిసార్టు గదులను ఏటా కొంతకాలం వాడుకునే హక్కును కొనుక్కోవడం. డిస్నీ వెకేషన్ క్లబ్ లాంటి టైమ్‌షేర్‌లో గదులను పాయింట్లతో బుక్ చేసుకోవాలి, సభ్యులైనవారికి ఏదో ఒక ఏడాది అవి చాలకపోవడం మామూలే. అప్పుడు మరిన్ని కొనుక్కోవచ్చు, లేదా వేరే సభ్యుడి పాయింట్లను ఆ ఒక్క ట్రిప్‌కు డబ్బిచ్చి వాడుకోవచ్చు, అదే అద్దె. కంపెనీ దగ్గర నేరుగా కొనే పాయింటు ఖర్చులో పెట్టుబడి మీద పోయే రాబడినీ కలిపితే, అది అద్దె ధరకు దగ్గరగానో ఇంకాస్త ఎక్కువగానో తేలుతుంది. రీసేల్‌లో, అంటే అమ్ముకుంటున్న వేరే సభ్యుడి దగ్గర కొంటే చౌకే, కానీ దాదాపు ఏటా వాడుకునేవారికే. అప్పు చేసి కొంటే ఏ లెక్కా నిలబడదు. కొరత ఈ ఒక్క ఏడాదిదా, ఏటా వచ్చేదా అన్నది ముందు తేల్చుకోవాలి. మిగతా లెక్కలు ఆ తర్వాతే.

కొరత ఎక్కడ మొదలవుతుంది

డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండే నలుగురి కుటుంబాన్ని ఊహించుకుందాం. వాళ్లకు ఏటా 150 పాయింట్లు వస్తాయి. వాటితో ఏడాదికోసారి ఓర్లాండోలో వారం రోజులు స్టూడియో గదిలో ఉండి వస్తున్నారు. ఈసారి వేసవికి విజయవాడ నుంచి అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తున్నారు. స్టూడియోలో ఉండేది చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ మాత్రమే. సూట్‌కేసులో రైస్ కుక్కర్ పెట్టుకెళ్లి సర్దుకోవడం నలుగురికైతే కుదిరింది, ఆరుగురికి కుదరదు. రెండు బెడ్‌రూముల విల్లాలో పూర్తి వంటగది, వాషింగ్ మెషీన్, పెద్దవాళ్లకు విడిగా గది ఉంటాయి. ఆ విల్లాకు వారానికి 290 పాయింట్లు కావాలనుకుంటే, చేతిలో ఉన్నవి పోను 140 తక్కువ.

'యాడ్-ఆన్' మాట సాధారణంగా ఇక్కడే వినిపిస్తుంది. ఉన్న సభ్యత్వానికి మరికొన్ని పాయింట్లు కలిపి కొనడమే యాడ్-ఆన్. టైమ్‌షేర్ కంపెనీలకు కొత్తవారిని వెతికి, ఒప్పించి, తీసుకురావడానికి పెద్ద ఖర్చవుతుంది. ఇప్పటికే సభ్యులైనవారికి అమ్మడం అంతకంటే సులువు. అందుకే చాలా కంపెనీలు సభ్యులు రిసార్టులో దిగగానే 'ఓనర్ అప్‌డేట్' పేరుతో కూర్చోబెడతాయి. బ్రేక్‌ఫాస్టో గిఫ్ట్ కార్డో ఇస్తాయి, చివరికి 'ఈ ధర ఇవాళ ఒక్కరోజే' అంటాయి. సెలవుల సంతోషంలో, పిల్లలు పక్కనే ఆడుకుంటుండగా, 40 ఏళ్లకు పైగా నడిచే ఒప్పందం మీద నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. అలాంటి నిర్ణయానికి అది సరైన సమయం కాదు.

పాయింటు అంటే ఏమిటి

టైమ్‌షేర్ మొదట్లో వారాల లెక్కన నడిచేది. ఫలానా రిసార్టు, ఫలానా గది, ఏడాదిలో ఫలానా వారం మీది. పాయింట్ల ఆలోచన కొత్తదేమీ కాదు, స్విట్జర్లాండ్‌లో 1963లో మొదలైన హాపిమాగ్ అనే సంస్థ ఆ పద్ధతిలోనే నడిచింది. వారాలను ఒకరితో ఒకరు మార్చుకోవడానికి 1974లో ఆర్‌సీఐ అనే సంస్థ వచ్చింది. డిస్నీ 1991లో ఫ్లోరిడాలో తన మొదటి వెకేషన్ క్లబ్ రిసార్టును తెరిచినప్పుడు నేరుగా పాయింట్లతోనే మొదలుపెట్టింది.

అక్కడ పాయింటు కొనడమంటే ఒక రిసార్టులో, ఒక గడువు వరకు, చిన్న వాటా కొనడం. ఆ వాటాకు ఏటా ఇన్ని పాయింట్లు అని వస్తాయి. కొన్న రిసార్టును 'హోమ్ రిసార్ట్' అంటారు. అక్కడ గదిని 11 నెలల ముందే బుక్ చేసుకోవచ్చు. మిగతా రిసార్టులకు 7 నెలల ముందు నుంచే అవకాశం. పాయింట్ల ఏడాది, అంటే 'యూజ్ ఇయర్', క్యాలెండర్ ఏడాది కానక్కర్లేదు. ఒప్పందాన్ని బట్టి అది ఫిబ్రవరిలో మొదలవ్వచ్చు, సెప్టెంబరులోనూ మొదలవ్వచ్చు.

గడువు ఒక్కో రిసార్టుకు ఒక్కోలా ఉంటుంది. బోర్డ్‌వాక్, బీచ్ క్లబ్ లాంటి పాతవి 2042 జనవరితో ముగుస్తాయి. సరటోగా స్ప్రింగ్స్‌కు 2054 వరకు, బే లేక్ టవర్‌కు 2060 వరకు, రివియెరాకు 2070 వరకు గడువుంది. ఒకే రోజు, ఒకే ధరకు కొన్నా 2042 పాయింటూ 2070 పాయింటూ ఒకటి కావు. ఒకటి కొద్ది ఏళ్లకే ముగిసిపోతుంది, రెండోది మనవళ్ల దాకా నడుస్తుంది.

కొనకముందే చేతిలో ఉన్న దారులు

ఏడాది పాయింట్లు వాడకపోతే వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. దీన్ని 'బ్యాంకింగ్' అంటారు. యూజ్ ఇయర్ మొదలైన 8 నెలల్లోపు చేయాలి, ఆ గడువు దాటితే కుదరదు. వచ్చే ఏడాది పాయింట్లను ముందే తెచ్చుకుని వాడుకోనూ వచ్చు. అది 'బారోయింగ్'. అలా తెచ్చుకున్నవాటిని మళ్లీ వెనక్కి పంపడం మాత్రం కుదరదు.

పైన చెప్పిన కుటుంబం నిరుడు ట్రిప్ మానుకుని 150 పాయింట్లు దాచుకుని ఉంటే ఈ ఏడాది 300 చేతిలో ఉండేవి. 290 పాయింట్ల విల్లా పైసా కొత్త ఖర్చు లేకుండా దొరికేది. ఇప్పటికైనా వచ్చే ఏడాదివి 140 తెచ్చుకుంటే సరిపోతుంది. అప్పుడు వచ్చే ఏడాదికి మిగిలేవి 10 పాయింట్లే, అంటే ఆ ఏడాది ట్రిప్ ఉండదు. రెండేళ్లకోసారి పెద్ద ట్రిప్ వేసే కుటుంబానికి 150 పాయింట్లే చాలు. ఏటా వెళ్లాలి, ఏటా పెద్ద విల్లానే కావాలి అనుకునేవారికే అదనపు పాయింట్ల అవసరం నిజంగా ఉంటుంది. చాలా యాడ్-ఆన్ నిర్ణయాలు ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసుకుంటే అక్కడే ఆగిపోతాయి.

ఇవి కాక, సభ్యులైన బంధువులో స్నేహితులో ఉంటే వాళ్ల ఖాతా నుంచి పాయింట్లు బదిలీ చేయించుకోవచ్చు, యూజ్ ఇయర్‌కు ఒక్కసారి. అర్హత ఉన్న సభ్యులు 7 నెలల లోపు బుకింగ్‌ల కోసం కంపెనీ నుంచే ఒక్కసారికి పనికొచ్చే పాయింట్లు కొనుక్కోవచ్చు, ఏడాదికి 24 వరకు. ఒకటి రెండు రాత్రులకు కొద్దిగా తక్కువైతే ఇది చాలు.

ఒక పాయింటు అసలు ఎంత పడుతుంది

ఇక్కడి ధరలు లెక్క తెలియడానికి తీసుకున్న గుండ్రటి అంకెలు. కొనేముందు ఆనాటి ధరలు పెట్టి మళ్లీ వేసుకోవాలి. కంపెనీ దగ్గర పాయింటు 230 డాలర్లు, డ్యూస్, అంటే ఏటా కట్టాల్సిన నిర్వహణ రుసుం, పాయింటుకు 9 డాలర్లు, అద్దె పాయింటుకు 20 డాలర్లు అనుకుందాం.

140 పాయింట్లకు 32,200 డాలర్లు. 2026 నుంచి 2070 వరకు 44 ఏళ్లు. అమ్మేవారు టేబుల్ దగ్గర చూపించే లెక్క ఇలా ఉంటుంది: 230ని 44తో భాగిస్తే ఏడాదికి 5.23 డాలర్లు, డ్యూస్ 9 కలిపితే 14.23. అద్దె 20 డాలర్లు కదా, కొంటే 6 డాలర్లు మిగులుతున్నట్టే. విన్నంతసేపూ సరైన లెక్కలాగే ఉంటుంది.

ఇందులో ఒక అంకె తక్కువ. ఆ 32,200 డాలర్లు ఇవాళే చేతిలోంచి వెళ్లిపోతాయి. వాటిని ఏటా 5 శాతం వచ్చేచోట పెట్టుకుని ఉంటే ఎంత వచ్చేదో, అది కూడా ఈ పాయింట్ల ఖర్చే. అదే 5 శాతం లెక్కన, అసలు కూడా తీరిపోయేలా 44 ఏళ్లకు సమానంగా పంచితే ఏడాదికి 1,823 డాలర్లు పడుతుంది. డ్యూస్ 1,260. మొత్తం 3,083 డాలర్లు, అంటే పాయింటుకు 22. అద్దెకు తీసుకుంటే అదే 140 పాయింట్లకు 2,800. అంటే ఏటా ఒక్క పాయింటు కూడా వృథా చేయకుండా వాడినా, మొదటి ఏళ్లలో కొనుగోలే కాస్త ఖరీదు.

అవసరం మూడేళ్లకోసారి మాత్రమే అయితే తేడా ఇంకా పెద్దది. మూడేళ్లలో కొనుగోలు ఖర్చు 9,249 డాలర్లు. అద్దె 2,800 డాలర్లు.

రీసేల్ సంగతి వేరు. వేరే సభ్యుడు అమ్ముకుంటున్న 2054 ఒప్పందం పాయింటు 110 డాలర్లకు దొరికిందనుకుందాం. 140 పాయింట్లకు 15,400. అదే 5 శాతం లెక్కన 28 ఏళ్లకు పంచితే ఏడాదికి 1,034, పాయింటుకు సుమారు 7.40. డ్యూస్ కలిపితే 16.40. అద్దె కంటే ఇది నిజంగానే చౌక. అయితే 16.40ని 20తో భాగిస్తే 0.82 వస్తుంది. అంటే వచ్చిన పాయింట్లలో 82 శాతం వాడుకుంటేనే అద్దెతో సమానం. పదేళ్లలో రెండేళ్ల పాయింట్లు వృథా అయ్యాయంటే లాభం పూర్తిగా కరిగిపోయినట్టే. మిగిలినవాటిని తానే అద్దెకివ్వచ్చు, కానీ మధ్యవర్తి కమిషన్ పోను వచ్చేది తక్కువ, ఆ ఆదాయాన్ని పన్నులో చూపించాలి, సమయానికి అద్దెకు తీసుకునేవారు దొరకాలి.

ఈ లెక్క అద్దెకు అనుకూలంగా ఉన్న చోటు ఒకటుంది. అద్దె ధర ఎప్పటికీ 20 డాలర్లే ఉండదు, హోటల్ ధరలతో పాటు అదీ పెరుగుతుంది. డ్యూస్ కూడా పెరుగుతాయి, కానీ కొన్న ధర మాత్రం మారదు. కాబట్టి పదేళ్లు గడిచేసరికి కొనుగోలు లెక్క మెరుగవుతుంది. మధ్యలో అమ్ముకుంటే కొంత సొమ్ము వెనక్కి వస్తుంది కూడా. అయితే ఆ పదేళ్ల తర్వాత కూడా ఈ కుటుంబం అదే ఊరికి, అదే ఇష్టంతో వెళ్తుండాలి. ఇవాళ ఎనిమిదేళ్లున్న పాప అప్పటికి కాలేజీలో ఉంటుంది.

అద్దె ఇంత తక్కువకు ఎందుకు దొరుకుతుంది

డ్యూస్ అనేవి వాడినా వాడకపోయినా కట్టాల్సినవి. పాయింట్లేమో గడువు దాటితే సున్నా అవుతాయి. వెళ్లలేకపోయిన సభ్యుడికి పాయింటుకు 15 డాలర్లు వచ్చినా ఆ ఏడాది డ్యూస్ పోను కొంత మిగిలినట్టే. ఈ తొందరే అద్దె మార్కెట్టును నడిపిస్తోంది. గడువు దగ్గరపడ్డ పాయింట్లు ఇంకా తక్కువకు వస్తాయి, కాకపోతే అప్పటికి మంచి గదులు మిగలవు.

కొనమని చెప్పేవారు హోమ్ రిసార్ట్ 11 నెలల సౌకర్యాన్ని పెద్ద కారణంగా చూపిస్తారు. అద్దెకు తీసుకునేవారికి కూడా అది దొరుకుతుంది. కావాల్సిన రిసార్టులోనే పాయింట్లున్న సభ్యుడిని 11 నెలల ముందే పట్టుకుంటే ఆయన ఖాతా నుంచి అదే గదిని బుక్ చేయించుకోవచ్చు. ముందుగా ప్లాన్ చేసుకునే అలవాటున్న కుటుంబానికి ఈ విషయంలో కొనుగోలుతో పెద్ద తేడా ఉండదు.

అద్దెలో రిస్క్ వేరేచోట ఉంది. బుకింగ్ మీ పేరుతో ఉన్నా అది ఉండేది సభ్యుడి ఖాతాలో. తేదీ మార్చాలన్నా, రద్దు చేయాలన్నా ఆయనే చేయాలి. చాలా అద్దె ఒప్పందాల్లో రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. అమ్మానాన్నల వీసా ఇంటర్వ్యూ తేదీ ఖరారు కాకముందే 2,800 డాలర్లు కట్టేస్తే టెన్షన్ తప్పదు. సొంత పాయింట్లయితే సమయానికి రద్దు చేసుకుని మళ్లీ వాడుకోవచ్చు. ప్లాన్లు తరచూ మారే కుటుంబాలకు సొంత పాయింట్ల అసలు విలువ ఇక్కడుంది.

రెండో రిస్క్ అవతలి మనిషి. అమెరికాలో తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో 'ఎవరికైనా పాయింట్లు కావాలా' అనే మెసేజ్‌లు అరుదు కాదు. మనవాళ్లే కదా అని జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవ) మొత్తం పంపేస్తే, తేడా వచ్చినప్పుడు ఆ సొమ్ము వెనక్కి రప్పించుకోవడం చాలా కష్టం. సభ్యుడు డ్యూస్ బాకీ పడితే ఖాతా ఆగిపోయే అవకాశమూ ఉంది. కాగితం మీద ఒప్పందం ఉండాలి. బుకింగ్ నంబరును డిస్నీ యాప్‌లో మీ ఖాతాకు కలుపుకుని, తేదీలు, గది రకం, అందరి పేర్లు సరిచూసుకున్నాకే పెద్ద మొత్తం కట్టాలి. మధ్యవర్తి సంస్థ ద్వారా వెళ్తే పాయింటుకు కొన్ని డాలర్లు ఎక్కువవుతుంది, ఆ తేడా చాలామందికి భారం కాదు. సభ్యుల వైపు కూడా ఒక హద్దు ఉంది. సొంత వాడకానికి కొన్న పాయింట్లను వ్యాపారంలా వరసగా అద్దెకివ్వడాన్ని క్లబ్ నిబంధనలు ఒప్పుకోవు.

కొనడానికి నిజమైన కారణాలు

కొన్ని రకాల గదులు చాలా తక్కువ సంఖ్యలో ఉంటాయి. యానిమల్ కింగ్‌డమ్‌లోని వాల్యూ గదులు, బోర్డ్‌వాక్‌లోని స్టాండర్డ్ వ్యూ గదులు 11 నెలల గడువు తెరవగానే అయిపోతుంటాయి. తక్కువ పాయింట్లకు దొరికేవీ ఇవే. ఏటా ఇలాంటి గది కోసమే చూసేవారికి అక్కడ చిన్న ఒప్పందం కొనుక్కోవడంలో అర్థముంది. రీసేల్‌లో చిన్న ఒప్పందాలకు పాయింటు ధర కాస్త ఎక్కువే ఉంటుంది.

నేరుగా కొన్నవారికీ రీసేల్‌లో కొన్నవారికీ మధ్య గీత 2019 జనవరి 19న గట్టిపడింది. ఆ తర్వాత పాత 14 రిసార్టుల్లో రీసేల్‌లో కొన్న పాయింట్లు రివియెరాలోనూ, ఆ తర్వాత వచ్చిన డిస్నీల్యాండ్ హోటల్ విల్లాల్లోనూ చెల్లవు. రివియెరా పాయింట్లను రీసేల్‌లో కొంటే రివియెరాలో తప్ప ఎక్కడా పనికిరావు. రేపు అమ్ముకోవాలనుకునేవారి మీద దీని ప్రభావం ఉంటుంది. నేరుగా కొన్నవారికి మొదట్లో ఎన్నో తలుపులు తెరిచి ఉన్న ఆ పాయింటు, చేతులు మారగానే ఒక్క రిసార్టుకు కుదించుకుపోతుంది, కొనేవాళ్లు ధర ఆ మేరకే పెడతారు.

డిస్కౌంట్లు, లాంజ్ ప్రవేశం లాంటి అదనపు సౌకర్యాలకు నేరుగా కొన్న 150 పాయింట్లు ఉండాలన్న నియమం కూడా ఉంది. ఆ గీతకు కొద్దిగా కింద ఉన్నవారిని యాడ్-ఆన్ వైపు లాగేది ఇదే. ఆ సౌకర్యాల్లో నిరుడు నిజంగా ఎన్ని వాడారో, ఎన్ని డాలర్లు మిగిలాయో రాసుకుంటే ఆ గీత దాటడానికి ఎంత పెట్టొచ్చో తెలుస్తుంది. సౌకర్యాలు ఒప్పందంలో రాసిన హక్కులు కావు, కంపెనీ ఎప్పుడైనా మార్చవచ్చు.

ఏ గదికి ఏ రోజు ఎన్ని పాయింట్లో చెప్పే చార్టు కూడా మారుతుంటుంది. రిసార్టు మొత్తానికి ఏడాది పాయింట్లు ఇన్ని అని స్థిరంగా ఉంటాయి కాబట్టి ఒక రోజు పెంచితే మరో రోజు తగ్గించాలి. మొత్తం మారకపోయినా, పిల్లల స్కూల్ సెలవుల్లో మాత్రమే వెళ్లగలిగే కుటుంబానికి ఆ వారం రేటు పెరిగితే కొత్త కొరత పుట్టినట్టే.

అప్పు, వీసా

పైన వేసిన లెక్కలన్నీ చేతిలో సొమ్ము ఉందనుకుని వేసినవి. టైమ్‌షేర్ కంపెనీలు ఇచ్చే అప్పులకు వడ్డీ తరచూ రెండంకెల్లో ఉంటుంది. 32,200 డాలర్లను 11 శాతానికి పదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 444 డాలర్లు. పదేళ్లలో కట్టేది 53,000 పైన, అందులో వడ్డీయే 21,000. డ్యూస్ కలిపితే ఆ పదేళ్లూ పాయింటు 47 డాలర్లు పడుతుంది. 20 డాలర్లకు అద్దెకు దొరికే దానికి 47 కట్టడాన్ని సమర్థించే సౌకర్యం ఏదీ లేదు.

హెచ్-1బీ మీద ఉన్న కుటుంబాలు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఉద్యోగం పోయి, గడువులోగా మరొకటి దొరక్క హైదరాబాద్ తిరిగి వెళ్లిపోవలసి వస్తే డ్యూస్ ఆగవు, డాలర్లలోనే కట్టాలి. కట్టడం మానేస్తే వ్యవహారం ఫోర్‌క్లోజర్ దాకా, అంటే ఆ వాటాను స్వాధీనం చేసుకునే దాకా వెళ్తుంది, క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. రీసేల్‌లో అమ్మడానికి కూడా నెలలు పడుతుంది, ఎందుకంటే కొనేవారు దొరికాక ఆ ధరకు తానే కొనుక్కునే మొదటి హక్కు డిస్నీకి ఉంటుంది. ఆ నిర్ణయం వచ్చాకే క్లోజింగ్, అంటే అమ్మకం పూర్తవడం. అదే కారణంగా, ఈ వేసవి కొరత తీర్చుకోవడానికి ఇప్పుడు రీసేల్‌లో కొనడం సమయానికి అందకపోవచ్చు.

ఇతర క్లబ్బుల్లో, మన దేశంలో

డిస్నీ పాయింట్లకు రీసేల్‌లో చెప్పుకోదగ్గ ధర ఉంది, ఒప్పందానికి ముగింపు తేదీ ఉంది. చాలా ఇతర టైమ్‌షేర్లలో ఈ రెండూ ఉండవు. వేల డాలర్లు పెట్టి కొన్న ఒప్పందాలను డ్యూస్ భారం వదిలించుకోవడానికి ఒక్క డాలరుకే ఇచ్చేస్తామని ప్రకటనలు పెట్టేవారున్నారు. అంతేకాదు, విండమ్ లాంటి టైమ్‌షేర్ కంపెనీల్లో అదనపు సౌకర్యాలిచ్చే వీఐపీ స్థాయికి కంపెనీ దగ్గర కొన్న పాయింట్లనే లెక్కిస్తారు కాబట్టి 'ఇంకొంచెం కొంటే పై స్థాయి' అన్న మాట అక్కడ బలంగా పనిచేస్తుంది. అలాంటి క్లబ్బుల్లో నేరుగా మరిన్ని పాయింట్లు కొనడం దాదాపు ఎప్పుడూ నష్టమే. అద్దె లేదా రీసేల్ చూడాలి.

మన దేశంలో 1996లో మొదలైన క్లబ్ మహీంద్రా పద్ధతి వేరు. అందరికీ తెలిసిన సభ్యత్వం 25 ఏళ్లది. పర్పుల్, రెడ్, వైట్, బ్లూ సీజన్ల లెక్కన ఏడాదికి ఇన్ని రోజులు వస్తాయి, ఏటా నిర్వహణ రుసుం కట్టాలి. అది ఆస్తిలో వాటా కాదు, వాడుకునే హక్కు మాత్రమే. అక్కడ పోల్చి చూడాల్సింది పాయింట్ల అద్దెతో కాదు, అదే తేదీల్లో దగ్గర్లోని మంచి హోటల్ గది ధరతో. కట్టిన మొత్తాన్నీ ఏటా కట్టే రుసుమునూ కలిపి, నిజంగా బస చేసిన రాత్రులతో భాగిస్తే జవాబు వస్తుంది. సంక్రాంతికో దసరాకో గది దొరక్క గడిచిపోయిన ఏళ్లను కూడా ఆ లెక్కలో కలపాలి.

ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే

అమెరికాలో టైమ్‌షేర్ కొన్నవారికి రద్దు చేసుకునే గడువును చట్టమే ఇస్తుంది. ఫ్లోరిడాలో అది 10 రోజులు, కాలిఫోర్నియాలో 7, నెవాడాలో 5. ఫ్లోరిడాలో సంతకం చేసిన రోజు, పత్రాలన్నీ చేతికొచ్చిన రోజు, ఈ రెండింటిలో ఏది తర్వాతదైతే అక్కడి నుంచి లెక్క. ఈ హక్కు కంపెనీ దగ్గర నేరుగా కొన్నప్పటిది. రీసేల్‌లో ఇదే రక్షణ ఉందనుకోకూడదు, ఒప్పందంలో ఏముందో చదువుకోవాలి. ఎలా రద్దు చేయాలో, ఏ చిరునామాకు పంపాలో పత్రాల్లోనే ఉంటుంది. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా, గడువులోపే, పంపినట్టు రసీదు దొరికే పద్ధతిలో పంపాలి. కారణం చెప్పనక్కర్లేదు, కట్టిన సొమ్ము తిరిగి వస్తుంది. ఓర్లాండో నుంచి ఇంటికొచ్చి, సూట్‌కేసులు సర్దుకుని, బ్యాంకింగ్ గడువు ఎప్పుడో, వచ్చే మూడేళ్లలో ఎన్నిసార్లు ఆరుగురు కలిసి వెళ్తారో ఒక కాగితం మీద రాసుకోవడానికి ఆ పది రోజులు సరిపోతాయి.